అరసోల ఎక్కువ

వర్లీ, బొంబాయి
12 నవంబర్ 1998

పూజ్యురాలైన బాపమ్మకు నమస్కారాలతో మణి రాయునది.

ఉత్తరం మొదట్లో ‘నేను క్షేమం’ అని రాయడం మీరు నేర్పిన పద్ధతి. ఈసారి ఆ మాట వదిలేస్తున్నాను. తప్పు వాక్యం కింద మీరు ఎర్ర గీత గీస్తారని తెలుసు.

మూడు నెలలుగా చెప్పాలనుకుంటున్న సంగతి ఇది. ఇక్కడ ఒక దవాఖానలో బరువు తగ్గడానికి పొట్టకు ఆపరేషన్ చేస్తున్నారు. పొట్ట పైభాగంలో కోడిగుడ్డంత సంచి మిగిలేటట్టు చిన్న చిన్న పిన్నులతో కుట్టేస్తారు. తిన్నది ముందు ఆ సంచిలో పడి, సన్నని దారిన మెల్లగా కిందికి దిగుతుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. జనవరిలో నేను ఆ ఆపరేషన్ చేయించుకుంటాను. చేయించుకోమంటారా అని అడగడం లేదు, చెబుతున్నాను.

నా మూడో తరగతి రెండో అంతస్తులో ఉంటుంది. నేను మెట్లెక్కి వచ్చేలోగా పిల్లలను ఎక్కాలు అప్పజెప్పుకోమంటాను. పోయిన సంవత్సరం ఏడో ఎక్కం దగ్గర ఉండగా నేను గుమ్మంలోకి వచ్చేదాన్ని. ఇప్పుడు పన్నెండో ఎక్కం పూర్తి చేసి నాకోసం ఎదురు చూస్తున్నారు.

డాక్టరు ఒక షరతు పెట్టాడు. ఇంట్లోవాళ్ళకు తెలియకుండా కత్తి పట్టనన్నాడు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఎవరో ఒకరు దగ్గరుండి, గడియారం చూసి, కొలిచి తాగించాలట. ‘ఇంకొక్క ముద్ద’ అని బతిమాలేవాళ్ళు ఇంట్లో ఉంటే కుట్లు తెగిపోతాయట. “మీ ఇంట్లో తిండి కొలిచి పెట్టగలవాళ్ళు ఉన్నారా?” అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది బాపమ్మా. ముప్పై ఏళ్ళుగా పూటపూటా బియ్యం కొలత నోటుపుస్తకంలో రాసుకునే మనిషి మా ఇంట్లో ఉన్నదని చెప్పాను.

బాపుకూ అమ్మకూ మీరే చెప్పాలి. ఎస్టీడీ బూతులో వెనక నలుగురు నిలబడి వింటుండగా ఈ మాట నా నోట రాదు. మీరు చెబితే వాళ్ళు కాదనరు. మీ మాట ఎవరు కాదన్నారు కనుక?

మీ
గంగామణి


ఆర్మూర్
23-11-1998

చిరంజీవి గంగామణికి ఆశీస్సులు.

నీ ఉత్తరం 18న మధ్యాహ్నం అందింది. అయిదు రోజులు ఆలోచించి జవాబు రాస్తున్నాను.

బరువు ఎక్కువైందని రెండు పేజీలు రాశావు. ఎంత బరువో అంకె ఎక్కడా లేదు. అంకె లేని ఫిర్యాదు ఫిర్యాదు కాదు. వచ్చే ఉత్తరంలో రాయి.

రోగం వచ్చిన అవయవాన్ని కోస్తారు. నీ పొట్టకు రోగం లేదు. మంచి పొట్టను కత్తితో చిన్నది చేయించుకోవడం నేను చదివిన ఏ ఆరోగ్యశాస్త్రంలోనూ లేదు. తక్కువ తినాలంటే తక్కువ వండుకోవాలి. ఇది మూడో తరగతి లెక్క, నువ్వు రోజూ చెబుతున్నదే. రోజుకు ఒక సోల వండుకుంటున్నావని నాకు తెలుసు. అరసోల వండుకో.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాకూడదని కోరుకుంటున్నాను.

ఒక్క వివరం మాత్రం కావాలి. ఆపరేషన్ తర్వాత ఎంతకాలం నోట్లోకి ఏమీ పోదు? రోజుల్లో కాదు, గంటల్లో రాయి.

ఇక్కడ పసుపు ఆకు ఎండుతోంది. ఈసారి కొమ్ము బాగా ఊరిందని మీ బాపు అంటున్నాడు.

ఆశీస్సులతో
శంకరమ్మ


వర్లీ, బొంబాయి
1 డిసెంబర్ 1998

పూజ్యురాలైన బాపమ్మకు,

అంకె అడిగారు. నూట ఇరవై ఒక్క కిలోలు.

గంటలు అడిగారు. మొదటి నలభై ఎనిమిది గంటలు నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయరు, నరంలోకి సెలైన్ ఎక్కిస్తారు. తర్వాత గంటకు రెండు చెంచాల నీళ్ళు. ఆ తర్వాత పల్చటి గంజి, అది కూడా చెంచాలతోనే. మీరు భయపడతారని మొదటి ఉత్తరంలో రాయలేదు. మీరు సరిగ్గా అదే అడిగారు.

తక్కువ వండుకోమన్నారు. ఆరేళ్ళుగా అదే చేస్తున్నాను. తెల్లారి అరసోల కొలిచి వండుకుంటాను. తిని బడికి పోతాను. దారిలో వడాపావ్ బండి కనిపిస్తుంది. నా కాళ్ళు ఆగిపోతాయి. ఆకలి కాదు బాపమ్మా. ఆకలంటే ఏమిటో నేను మరిచిపోయాను.

నేను అద్దెకుండే గది వెంకవ్వది. ఆమె మన అంకాపూర్ మనిషే, పెళ్ళయి ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్ళయింది. గోడ అవతల పడుకుంటుంది. పోయిన నెల ఒక రోజు పొద్దున్నే వచ్చి మంచం మీద కూర్చుంది.

“ఏందే మణీ, గురక పెడితె రైలు పోయినట్టుంటది. గా సప్పుడు నాకు అలవాటైంది. నడుమ నడుమ ఆగుతది సూడు, గప్పుడు నాకు పానం పోతది. ఒకటి, రెండు, మూడు అని లెక్క వెట్టుకుంట కూసుంట. నిన్న ఇరవై రెండు దాక లెక్కవెట్టిన. లేసి గోడ గుద్దిన. గప్పుడు ఊపిరి తీసినవ్.”

డాక్టరుకు ఈ మాట చెబితే అప్పటిదాకా నవ్వుతున్నవాడు నవ్వడం మానేశాడు. ఆపరేషన్‌లో ప్రాణభయం ఉంది, దాచనన్నాడు. చేయించుకోకపోతే ఏదో ఒక రోజు ఆ లెక్క ఇరవై రెండు దగ్గర ఆగదన్నాడు.

బడిలో నా పక్క తరగతి టీచరుకు చెప్పాను. పదేళ్ళ స్నేహితురాలిలా మాట్లాడే మనిషి. “నోరు కట్టుకోలేక కడుపు కుట్టించుకుంటావా?” అంది. ఆ రోజు నుంచి నా డబ్బా మూత తీయగానే అందులో ఎంత ఉందో చూస్తోంది. అందుకే ఇక ఎవరికీ చెప్పలేదు.

డాక్టరు ఇంకొకటి అడిగాడు. లావు కావడం ఏ వయసులో మొదలైందని. పదో ఏట, 1980లో అన్నాను. ఆ ఏడు ఏమైనా జరిగిందా అన్నాడు. ఏమీ లేదన్నాను. అది మా చెల్లెలు లింబు పోయిన ఏడని చెప్పలేకపోయాను.

కంచం ముందు కూర్చుంటే ఇప్పటికీ నా ఎడమ పక్క ఎవరో కూర్చున్నట్టుంటుంది. చిన్న మోకాలు నా తొడకు తగులుతుంది. నేను తింటున్నంతసేపూ నా నోటి వైపు చూస్తుంది. త్వరగా తినేస్తే లేచి వెళ్తుందని త్వరగా తింటాను. వెళ్ళదు. మళ్ళీ వడ్డించుకుంటాను.

మీకు కూడా అలా అనిపిస్తుందా?

మీ
మణి


ఆర్మూర్
14-12-1998

చిరంజీవి గంగామణికి,

ఉత్తరం 7న అందింది. ఇరవై రెండు అనే అంకె చదివిన తర్వాత ఇంట్లో చెప్పక తప్పలేదు. ఆదివారం అంకాపూర్ పోయి వచ్చాను. మీ బాపు, అమ్మ పొలం దగ్గరి ఇంట్లోనే ఉన్నారు. జక్రాన్‌పల్లి నుంచి మీ మేనత్త రామవ్వ కూడా వచ్చి ఉంది. ఎవరు ఏమన్నారో అన్నది అన్నట్టు రాస్తున్నాను.

రామవ్వ ముందు నవ్వింది. “గింత దానికి పొట్ట కోసుడెందుకమ్మా? నోరు కుడితె సరిపోతది గదా. మా ఊర్ల దర్జీ దగ్గరికి తోల్కరా, పైస తీస్కోకుంట కుడతడు.”

మీ బాపు దేవిదాస్ నవ్వలేదు. చేతిలో ఉన్న గడ్డపార కింద పెట్టాడు. “పిల్లల కడుపు నింపాలెనని పదేండ్లు దుబాయ్‌ల ఎండకు మాడితి. గిప్పుడు గా కడుపే ఎక్కువైందంటదా? ఎవడన్న జూసి నవ్విండా దాన్ని? పేరు చెప్పుమను. నేనే బస్సెక్కి పోత.”

ఊపిరి సంగతి చెప్పాను. అప్పుడు కూర్చున్నాడు. “నువ్వేమంటవమ్మా? సదువుకున్నదానివి. నువ్వెట్లంటె గట్లనే” అన్నాడు.

మీ అమ్మ శాంతవ్వ నీళ్ళ చెంబు తెచ్చి నా ముందు పెట్టి, నా మొహం చూస్తూ నిలబడింది.

నేను వద్దన్నాను.

నీకు కోపం వస్తుంది. రానివ్వు. నలభై ఎనిమిది గంటలు నోట్లో చుక్క పోయకుండా, ఆ తర్వాత చెంచాలు లెక్కపెడుతూ ఒక పిల్ల పక్కన కూర్చోవడం నా వల్ల కాదు. కారణం అడగవద్దు. వేరే వైద్యం వెతుకు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలున్నాయి.

లింబవ్వ పేరు ఉత్తరాల్లో రాయవద్దు. నువ్వు అడిగినటువంటివి నాకేమీ అనిపించవు.

శంకరమ్మ


వర్లీ, బొంబాయి
24 డిసెంబర్ 1998

బాపమ్మా,

పెద్దలను ఉత్తరంలో ‘మీరు’ అని రాయాలని నేర్పావు. ఈ ఉత్తరం అట్లా రాయలేను. చిన్నప్పుడు నీ కొంగు పట్టుకుని పిలిచినట్టే రాస్తాను. ఎర్ర గీత గీసుకో.

జనవరి 21, గురువారం తేదీ ఇచ్చారు. నువ్వు రాకపోతే వెంకవ్వ సంతకం పెడతానంది. ఆమెకు చదువు రాదు. వేలిముద్ర వేస్తుంది.

లోపలికి పోయి తిరిగి రాకపోతే ఈ మాట నాతోనే పోతుంది. అందుకని రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు.

1980లో తమ్ముణ్ణి కనడానికి అమ్మ తన పుట్టిల్లు ఇందల్వాయి పోయింది. బాపు దుబాయ్‌లో ఉన్నాడు. ఇంట్లో నువ్వు, నేను, లింబు. శనివారం పొద్దుటి నుంచి లింబుకు వాంతులు, విరేచనాలు. పొట్టకు విశ్రాంతి కావాలి, ఎవరూ ఏమీ పెట్టవద్దని నాకు గట్టిగా చెప్పావు. పొద్దు గూకేటప్పుడు నువ్వు దీపం పెట్టడానికి లోపలికి పోయావు. నేను చాప మీద దాని పక్కన కూర్చున్నాను. నా లంగా ముడిలో బెల్లం ముక్క ఉంది, బడిలో ఎవరో పంచింది. లింబు ఆ వాసన పట్టింది.

“అక్కా, జరంత” అన్నది.

“బాపమ్మ కొడ్తది” అన్నాను.

“నాకితె సాలు. కొరక.”

నేను ఆ ముక్క నోట్లో వేసుకున్నాను. పెట్టకూడదన్నావు కదా, దాచుకుంటే మళ్ళీ అడుగుతుంది, అందుకని తినేశాను. నమిలితే చప్పుడవుతుందని చప్పరించాను. అది నా నోటి వైపే చూస్తూ పడుకుంది. మొత్తం కరిగేదాకా చూసింది. తెల్లవారేసరికి లేదు.

నలభై ఎనిమిది గంటలు నాకు ఎవరూ ఏమీ పెట్టరని డాక్టరు చెప్పినప్పుడు నాకు భయం వేయలేదు బాపమ్మా. ఇన్నాళ్ళకు న్యాయం జరుగుతోందనిపించింది. అందుకే నువ్వు రావాలి. ఆ మాట అనుకుంటూ లోపలికి పోయేవాళ్ళు బయటికి రారేమోనని నా భయం.

మణి


ఆర్మూర్
4-1-1999

మణీ,

నీ ఉత్తరం డిసెంబర్ 30న అందింది. నాలుగుసార్లు చదివాను.

ఆ ముక్క పెట్టినా ఆ పిల్ల బతికేది కాదు. నువ్వు తినేసినందువల్ల అది చావలేదు. ఎందువల్ల పోయిందో నా దగ్గర రాసి ఉంది. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందు ఉంది. తేదీ 9-8-1980, శనివారం. మూడు గడులు గీశాను. మొదటిది గంట. రెండోది వాంతి, విరేచనం. మూడోది ‘ఇచ్చినది’. రెండో గడి నిండింది. మూడో గడి పై నుంచి కింది వరకు ఖాళీ.

ఇరవై నాలుగు గంటలు పొట్ట ఖాళీగా ఉంచాలని నేను నియమం పెట్టుకున్నాను. ఎవరో చెప్పింది కాదు. లంఖణం పరమౌషధమని బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. శనివారం ఉదయం ఆరుకు మొదలు, ఆదివారం ఉదయం ఆరుకు ముగింపు. సాయంత్రం నాలుగు గంటలకు కంపౌండర్ గంగాకిషన్ సైకిల్ మీద వచ్చాడు. పిల్ల కళ్ళు చూశాడు, పొట్ట మీది చర్మం పట్టి చూశాడు. “టీచరమ్మా, ఒల్లంత ఎండిపోయింది. ఉప్పేసి పల్సటి గంజి తాపుండ్రి. కక్కినా సరే, మల్ల తాపుండ్రి. గంటగంటకు” అన్నాడు.

అతడు పదో తరగతి తప్పినవాడు. నేను ప్రధానోపాధ్యాయురాలిని. తల ఊపి పంపించాను. గంజి కాచలేదు.

ఆరు గంటలకు నేను దీపం పెట్టి బయటికి వచ్చాను. అంతకుముందే నిన్ను అడిగిందని ఇప్పుడు తెలిసింది. తర్వాత నన్ను అడిగింది. “బాపమ్మా, జరంత బువ్వ.” నేను “రేపు పొద్దున ఆరింటికి” అన్నాను. సరేనన్నది. క్రమశిక్షణ గల పిల్ల. ఆదివారం ఉదయం నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలకు పోయింది. నా నియమానికి గంటా పదిహేను నిమిషాలు తక్కువ.

జ్వరం తగిలి పోయిందని అందరికీ చెప్పాను. మీ అమ్మ పసివాడితో తిరిగి వచ్చి, ఆ ఇంట్లో అన్నం సయించక పొలం దగ్గరికి పోయింది. బడి కోసం నువ్వు నా దగ్గర మిగిలావు.

ఇంకొక లెక్క ఉంది. మనిషికి అరసోల చొప్పున ముగ్గురికి సోలన్నర పోసేదాన్ని. ఆ పిల్ల పోయిన తర్వాత సోల పోయాలి. పుస్తకం తిరగేశాను. ఒక్క పూట కూడా తగ్గించలేదు. ఎక్కువైన అరసోల ఎక్కడికి పోయిందో నీకు తెలుసు. అన్నం పారేయకూడదని నీ కంచం పక్కన నిలబడి తినిపించాను. పదేళ్ళ పిల్లకు ఇద్దరి అన్నం. నువ్వు బొంబాయి పోయిన తర్వాత నేనొక్కదాన్నే, అయినా సోల పోస్తున్నాను. మిగిలింది తెల్లవారి పక్కింటి బర్రెకు పోస్తున్నాను. నీకు ఎందుకు బరువు పెరిగిందని డాక్టరు అడిగితే ఈ పుస్తకం చూపించు.

నాకేమీ అనిపించదని రాశాను. అది అబద్ధం. రోజూ సాయంత్రం ఆరుకు వంటింటి గడప దగ్గర అడుగుతుంది. కేకలు వేయదు, ఏడవదు. అప్పుడు అడిగినట్టే మర్యాదగా అడుగుతుంది.

నిన్న అంకాపూర్ పోయాను. మీ అమ్మ పసుపు కొమ్ములు ఏరుతోంది. కూర్చుని అంతా చెప్పాను, గంగాకిషన్ చెప్పిన మాటతో సహా. చేతులు ఆపకుండా విన్నది. అయిపోయాక అన్నది:

“నాకు ఎరకే అత్తా. గంగాకిషన్ గప్పుడే చెప్పిండు.”

“మరి ఎందుకు అడగలేదు?” అన్నాను.

“మీరు చెప్తరేమోనని సూసిన. పద్దెనిమిదేండ్లు సూసిన. రోజు పొద్దుగాల అనుకునేది, ఇయ్యాల చెప్తదని.” ఇంకో కొమ్ము విరిచి చూసి పక్కన వేసింది. “ఇగ గిప్పుడు గిది వినుండ్రి. మీరు బొంబాయి పోవాలె. నేను పోను. నేను ముందల ఉంటె ఏడ్సుకుంట ఇంకో ముద్ద పెడ్త. మీరు పెట్టరు. గంటకు రెండు చెంచాలంటె రెండే తాపుండ్రి. కానీ తాపుండ్రి అత్తా.”

జనవరి 16న బొంబాయి బస్సు ఎక్కుతున్నాను. మీ బాపు టికెట్ తెచ్చాడు. పసుపు కాచే పని ఆపి తనూ వస్తానన్నాడు, నేనే వద్దన్నాను. లింబవ్వ గిన్నె తెస్తున్నాను. దాని మీద పేరు చెక్కించి ఉంది. ఆరేళ్ళ పిల్ల తినేంత పడుతుంది. మీ డాక్టరు చెప్పిన కొలత అదే అనుకుంటున్నాను.

వేలిముద్ర వద్దు. నేను సంతకం పెడతాను.

బాపమ్మ


వర్లీ, బొంబాయి
14 మార్చి 1999

బాపమ్మా,

నువ్వు బస్సెక్కి తొమ్మిది రోజులయింది. గది పెద్దదైపోయినట్టుంది. గోడకు నువ్వు అతికించిన కాగితాలు తీయలేదు. ముప్పై తొమ్మిది రోజులవి, గంట గంటకూ గడులు. ‘ఇచ్చినది’ అనే గడిలో ఒక్కటి కూడా ఖాళీ లేదు. డాక్టరు కట్టు చూడటానికి వచ్చినవాడు ముందు ఆ కాగితాలు చదివాడు గుర్తుందా? ఆ చార్టు తన దవాఖానకు కావాలన్నాడు. “అక్షర దోషాలు లేకుండా రాసుకోండి” అన్నావు.

నిన్న బరువు చూసుకున్నాను. నూట ఆరు. బడికి పోవడం మొదలుపెట్టాను. నేను పైకి వచ్చేసరికి పిల్లలు తొమ్మిదో ఎక్కంలో ఉన్నారు. వెంకవ్వ ఇప్పుడు గోడ అవతల నుంచి వేరే గొడవ పెడుతోంది. “గురక లేకుంట నాకు నిద్ర పడ్తలేదే.”

బాపు ఫోన్ చేశాడు. బూతులో నిలబడి, “ఏం తిన్నవ్ బిడ్డా?” అన్నాడు. “గిన్నెడు గంజి” అన్నాను. “సాలు” అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు వినపడింది. మేనత్త రామవ్వ వెనక నుంచి, “దర్జీ బాగనే కుట్టిండా?” అని అరిచింది. నవ్వితే కుట్లు లాగాయి.

లింబు గిన్నెలోనే తింటున్నాను. ఇన్నేళ్ళూ నా అన్నం, దాని అన్నం నేనే తిన్నాను. ఇప్పుడు దాని వంతే తింటున్నాను. ఎడమ పక్కకు చూస్తాను. ఎవరూ ఉండరు. చెల్లె పోయినందుకు ఇన్నేళ్ళకు మొన్న ఏడ్చాను. అప్పుడు ఏడవలేదు, నోట్లో బెల్లం ఉంది.

ఒక్క సంగతి తెలియాలి. మూడో రోజు నాకు జ్వరం వచ్చి మత్తులో ఏదో అన్నానట. నువ్వు కుర్చీలోంచి లేచి బయటికి పోయావని ఆయా చెప్పింది. ఏమన్నాను? అడిగితే దుప్పటి సర్దావు కానీ చెప్పలేదు.

మణి


ఆర్మూర్
25-3-1999

మణీ,

నీ ఉత్తరం 20న అందింది.

అడిగినదానికి జవాబు. జనవరి 24, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. నువ్వు కళ్ళు మూసుకునే “బాపమ్మా, జరంత” అన్నావు. రెండు గంటలకు రెండు చెంచాలు తాగించాను. మళ్ళీ మూడుకు. యాభై నిమిషాలు ఉంది. నీ పెదవులు ఎండి ఉన్నాయి. నా నోటి వరకు ఒక మాట వచ్చింది. అది నువ్వు ఊహించగలవు.

నేను ఏడవడానికి బయటికి పోలేదు. అడగడానికి పోయాను. వరండా చివర కేరళ నర్సు ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. నాకు హిందీ సరిగా రాదు, ఉర్దూలో అడిగాను. పిల్ల అడుగుతోంది, టైము కాలేదు, ఇవ్వవచ్చా అని. ఆమె వచ్చి నీ నాలుక చూసింది. ఇవ్వండి అమ్మమ్మా, ఇంకో రెండు చెంచాలు ఇవ్వండి అన్నది. ఇచ్చాను. చార్టులో 2-15 అని రాసి ఉంటుంది, చూసుకో. డెబ్బై ఒక్క ఏళ్ళలో నాకు తెలియదని ఒకరిని అడిగింది అదే మొదటిసారి. అడగడానికి సగం నిమిషం పట్టింది.

ఊరికి వచ్చిన మర్నాడు గంగాకిషన్ ఇంటికి పోయాను. ముసలివాడయ్యాడు, చెవులు సరిగా వినపడవు. చెప్పవలసింది గట్టిగా చెప్పవలసి వచ్చింది. వీధి వీధంతా విన్నది. విననివ్వు.

మీ అమ్మ శుక్రవారం వచ్చింది. 1980 తర్వాత ఈ ఇంట్లో ఆమె అన్నం తినడం ఇదే. ఇద్దరికి సోల పోశాను. సరిపోయింది.

ఆమె వెళ్ళిన మర్నాడు నాకొక్కదానికి అరసోల పోశాను. పొయ్యి మీద కుండ తేలికగా ఉంది. ఆరు గంటలకు గడప దగ్గర లింబవ్వ అడిగింది. బొంబాయిలో నీ పక్కన లేనిది ఎక్కడికి పోయిందని నువ్వు అనుకుంటున్నావు? ఇక్కడికే వచ్చింది. వచ్చిందని నాకు బాధ లేదు.

ఉప్పు వేసి పల్చగా గంజి కాచాను. దాని గిన్నె నీ దగ్గర ఉంది కనుక కొలిచే సోలలోనే పోశాను. గడప పక్కన పెట్టి, చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. తెల్లవారి చూస్తే గంజి అట్లాగే ఉంది.

తర్వాత 1980 పుస్తకం తీశాను. ఆగస్టు 9, సాయంత్రం ఆరు గంటలు, మూడో గడి. ‘గంజి, నాలుగు చెంచాలు, ఇచ్చాను’ అని రాశాను. సంతకం పెట్టాను.

నా పుస్తకాల్లో అబద్ధం లెక్క ఇదొక్కటే. కొట్టివేయను.

బాపమ్మ